టంకశాల, షరాబు, కొత్త నాణెం

ఈ మధ్య వనపర్తిలో సాహిత్య విద్యార్థులు కొందరు తమ కవితలు వినిపించారు. ఒక కవితలో “బిట్‌కాయిన్ గనిలో చెమటోడ్చే కూలి” అన్న మాట వచ్చింది. కవి సానుభూతి ఎటువైపుందో స్పష్టమే. కాని ఆ గనిలో పారా లేదు, తట్టా లేదు, దిగే కూలీ లేడు. వస్తువు తెలియకుండా మాటను పట్టుకుంటే ఎంత మంచి దృక్పథమైనా గురి తప్పుతుంది. ఆ సంగతి అక్కడ రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. అందుకే ఈ వ్యాసం.

తవ్వకమంటే ఏమిటో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఊళ్లు విడిచి, ఆనకట్టలకూ కాలువలకూ మట్టి ఎత్తినవాళ్లు పాలమూరు కూలీలు. నల్లమలలో యురేనియం తవ్వకం వద్దని 2019లో జనం కదిలితే ఆ సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభే వ్యతిరేక తీర్మానం చేసింది. ఇలాంటి చోట ‘మైనింగ్’ అనగానే మట్టి గుర్తుకు రావడం సహజం. బంగారంలాగా కొత్త నాణేలు కొద్దికొద్దిగా బయటికొస్తాయి కనక ఆ పేరు పెట్టారు, అంతే. అర్థం చేసుకోవడానికి గనికన్నా టంకశాల మంచి పోలిక.

గద్వాల సంస్థానం ఒకప్పుడు సొంత నాణేలు ముద్రించుకుంది. లోహపు నాణేల కాలంలో చెలామణికి రెండు పనులు అవసరమయ్యేవి. ముద్రించేది టంకశాల. తూచి, మోగించి, మంచిదో చెడ్డదో తేల్చేది షరాబు. బిట్‌కాయిన్‌లోనూ ఈ రెండు పనులూ ఉన్నాయి. మైనింగ్ టంకశాల పని. నోడ్ నడపడం షరాబు పని. రాజు మాత్రం లేడు.

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అన్న పేరుతో వెలువడిన పత్రం ఈ ఏర్పాటును ప్రతిపాదించింది. 2009 జనవరి 3 తేదీతో తొలి పుట మొదలైంది. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో రాసే ఉమ్మడి చిట్టా ఇది. సగటున పది నిమిషాలకొక పుట చేరుతుంది. దాన్నే బ్లాక్ అంటారు. పుట చేర్చే హక్కు కోసం యంత్రాలు పోటీ పడతాయి. పుటలోని వివరాలకు ఒక అంకె జోడించి, నిర్ణీత గణితసూత్రంలో వేసి చూస్తాయి. ఫలితం ఒక హద్దుకన్నా చిన్నదిగా రావాలి. తెలివితో తేలే లెక్క కాదు. కోటానుకోట్ల అంకెలు వేసి చూడవలసిందే. ముందు దొరకబుచ్చుకున్న వాడికి కొత్త నాణేలు. మొదట్లో పుటకు 50. సుమారు నాలుగేళ్లకోసారి సగమవుతూ 2024 ఏప్రిల్ నుంచి 3.125. మొత్తం 2 కోట్ల 10 లక్షలు మించకూడదని నియమం.

ప్రతి 2016 పుటలకూ ఆ హద్దు సవరణ అవుతుంది. యంత్రాలు పెరిగితే లెక్క కష్టమవుతుంది. అంటే యంత్రాలు రెట్టింపైతే నాణేలు రెట్టింపు కావు. కరెంటు ఖర్చే పెరుగుతుంది. దొంగచిట్టా రాయడం అంత ఖరీదు కావడమే దీని సమర్థన. కాని ఫలితం ఎవరికి? తొలినాళ్లలో ఇంట్లో కంప్యూటరు సరిపోయింది. 2013 నుంచి ఆ ఒక్క పనికే చేసిన యంత్రాలు వచ్చాయి. ఇవాళ చవక కరెంటు, పెద్ద పెట్టుబడి ఉన్నవాళ్లదే పైచెయ్యి. చిన్నవాళ్లు ‘పూల్’లో చేరి వాటా తీసుకుంటారు; పుటలో ఏం రాయాలో సాధారణంగా పూల్ నడిపేవాడే తేలుస్తాడు. గుంపు మేస్త్రీ ఇక్కడా ఉన్నాడన్నమాట.

ఇక షరాబు. మామూలు కంప్యూటరులో మొదటి పుట నుంచి ఈనాటి దాకా, 600 గిగాబైట్లకు పైబడిన చిట్టా దించుకుని, సంతకం సరైనదేనా, ఒకే నాణెం రెండుసార్లు ఖర్చయిందా, ప్రతిఫలం నియమం దాటిందా అని ప్రతి పుటనూ పరీక్షించేది నోడ్. తప్పుంటే తిప్పికొడుతుంది. దీనికి కూలి లేదు. అధికారం మాత్రం ఉంది. పుట పరిమాణం రెట్టింపు చేద్దామని 2017లో మైనింగ్ చేసే వాళ్లలో అత్యధికులు మద్దతు పలికినా, నోడ్లు నడిపేవాళ్లలో చాలామంది ఒప్పుకోలేదు. ఆ నవంబరులో ప్రతిపాదన ఆగిపోయింది. ఈ నాణెంలో ప్రజాస్వామ్యమంటూ ఉంటే అది ఇక్కడే ఉంది, గనిలో కాదు. మనుషుల్ని చేర్పిస్తే ‘కాయిన్లు’ ఇస్తామనే గొలుసుకట్టు వ్యాపారి మీ ఊరికొస్తే, నేనే పరీక్షించుకోగల చిట్టా ఏదని అడగండి.

కరెంటు దండగకు మరో జవాబు ఎథీరియం ఇచ్చింది. 2022 సెప్టెంబరు 15న మైనింగ్ మానేసి, 32 ఈథర్ నాణేలు పణంగా పెట్టినవాళ్లు పుటలను ధ్రువీకరించే పద్ధతికి మారింది. విద్యుత్ వాడకం 99 శాతానికి పైగా తగ్గింది. అయితే యంత్రాలున్న వాడి స్థానంలో నాణేలున్న వాడు కూర్చున్నాడు. ఖర్చు తగ్గింది, ఆస్తి ప్రశ్న అలాగే ఉంది.

గనిలో కూలీ లేడన్నాను. అది సగం నిజమే. కరెంటు గాలిలోంచి రాదు. గద్వాల జిల్లా జూరాలలో 234 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రముంది. నాగర్‌కర్నూలు జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రం 900 మెగావాట్లది. 2020 ఆగస్టు 20 రాత్రి ఆ భూగర్భంలో మంటలు చెలరేగి తొమ్మిదిమంది చనిపోయారు. వాళ్లు నాణేల కోసం పనిచేశారని కాదు నేననేది. ఏ యంత్రం తాగే కరెంటు వెనకైనా ఇలాంటి మనుషులుంటారని. లెక్కచేసే యంత్రం తన ‘పనికి రుజువు’ చూపుతుంది. వాళ్ల పనికి ఆ చిట్టాలో చోటు లేదు.

కనక ఆ యువకవికి నా సూచన ఒక్కటే. కూలీని కవితలోంచి తీసెయ్యకండి, చోటు మార్చండి. మాటను తూచి, మోగించి చూడడం షరాబు పని మాత్రమే కాదు, రచయిత పని కూడా. దానికీ పెద్దగా కూలి ఉండదు.