కొట్టకుండా, గారాబం చేయకుండా

పెళ్లి భోజనాల దగ్గర మూడేళ్ల పిల్లాడు బెలూన్ కోసం నేల మీద పడి దొర్లుతుంటే సలహాలకు కొదవుండదు. ‘రెండు తగిలించు, వాడే ఊరుకుంటాడు’ అంటారొకరు. ‘ఆ ఫోనేదో చేతికిచ్చెయ్యమ్మా’ అంటారు ఇంకొకరు. ఒకటి దండన, ఒకటి గారాబం. రెండింటికీ కావలసింది మాత్రం ఒక్కటే, ఏడుపు ఆగడం. వాడెందుకు ఏడుస్తున్నాడో కనుక్కోవాలని ఎవరికీ తోచదు.

కనుక్కుంటే కారణం చాలాసార్లు కళ్లెదుటే ఉంటుంది. పెళ్లి హడావుడిలో మధ్యాహ్నం కునుకు తప్పింది. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. నిద్రలేమికి తోడు ఆకలి, కొత్త మొహాలు, చెవులు చిల్లులు పడే బాజాలు. అంత చికాకును అణచుకోవడం ఆ వయసుకు చేతకాదు. ఆవేశాన్ని అదుపులో పెట్టే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదిగేసరికి మనిషికి పాతికేళ్లు వస్తాయి. మొండితనమని మనం అనుకునేదాంట్లో చాలావరకు ఈ చేతకానితనమే.

అలాగని అడిగిందల్లా ఇచ్చేయమని కాదు. బడిపంతులుగా మొదలై పిల్లల మనస్తత్వ నిపుణుడిగా పేరు తెచ్చుకున్న హైమ్ గినాట్ 1965లో ‘బిట్వీన్ పేరెంట్ అండ్ చైల్డ్’ అనే పుస్తకం రాశాడు. పిల్లల మనసులో ఏం కలిగినా ఒప్పుకోవాలి, చేతలకు మాత్రం హద్దు పెట్టాలి అన్నది ఆయన బోధ. తమ్ముడి మీద కోపం రావచ్చు, తమ్ముణ్ణి కొరకకూడదు.

పెళ్లింట్లో ఆ తల్లి కిందికి వంగి, ‘బెలూన్ కావాలని ఉంది కదూ నాన్నా, ఇవ్వలేదని ఏడుపొస్తోంది. అది ఆ పాపది, లాక్కోకూడదు’ అంటే చాలు. ఏడుపు వెంటనే ఆగకపోవచ్చు. జనం లేని చోటికి ఎత్తుకెళ్లి పక్కనే కూర్చోవాలి. హితబోధ ఆ కాసేపు వాడి చెవికెక్కదు. చూడలేక బెలూన్ తెచ్చిచ్చారా, ఏడిస్తే దొరుకుతుందని వాడికి తెలిసిపోతుంది. నిజానికి ఆ సమయంలో పెద్దవాళ్లు గెలవలేనిది పిల్లాణ్ణి కాదు, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గును. ఎన్నో దెబ్బలు పడేది ఆ సిగ్గు వల్లే.

మొక్కై వంగనిది మానై వంగునా అంటూ దెబ్బను సమర్థించుకోవడం మనకు అలవాటు. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ అనే అమెరికా పరిశోధకులు యాభై ఏళ్లలో జరిగిన అధ్యయనాలను, సుమారు 1,60,000 మంది పిల్లల వివరాలను కలిపి 2016లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లు చూసింది వాతలు తేలేలా బాదడాన్ని కాదు, పిర్ర మీద వేసే మామూలు దెబ్బలను. ఆ దెబ్బలు తిన్న పిల్లల్లో దూకుడు, దిగులు ఎక్కువగా కనిపించాయి. అన్నిటికీ దెబ్బే కారణమని ఇలాంటి లెక్కలు తేల్చలేవు. కానీ కొడితే మాట వింటారన్న నమ్మకానికి వాటిలో ఆధారం దొరకలేదు.

స్వీడన్ 1979లో ఇంట్లో కూడా పిల్లలను కొట్టకూడదని చట్టం చేసింది, ప్రపంచంలో అదే మొదటిది. తల్లిదండ్రులను జైలుకు పంపడం దాని ఉద్దేశం కాదు. పొద్దున్నే టిఫిన్ల దగ్గర ఇంటిల్లిపాదీ మాట్లాడుకోవాలని ఆ సంగతిని పాల డబ్బాల మీద అచ్చువేశారు. మన 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ బడిలో శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది. ఇంటి గుమ్మం మాత్రం దాటలేదు. కొట్టకుండా పెంచడమన్నది మనకు బయటి నుంచి వచ్చిపడిన ఆలోచనేమీ కాదు. బడుల తనిఖీ ఉద్యోగం చేసిన రచయిత చలం ‘బిడ్డల శిక్షణ’ రాశాడు. వకీలు వృత్తి వదిలిన గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచి, బెత్తం లేకుండా చదువు చెప్పి చూపించాడు.

అన్నం దగ్గర గొడవ వేరు. ఎప్పుడు, ఏం పెట్టాలన్నది పెద్దల ఇష్టం, ఎంత తినాలన్నది పిల్లల ఇష్టం అంటుంది ఆహార నిపుణురాలు ఎలిన్ సాటర్. బూచాడి పేరు చెప్పి కుక్కే ముద్ద కన్నా ఇది మేలు.

ఇంతా తెలిసినా ఒకరోజు ఆఫీసు నుంచి అలసి వచ్చిన తల్లి అరుస్తుంది, తండ్రి చెయ్యెత్తుతాడు. అప్పుడేం చేయాలి? 1970లలో మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రోనిక్ తల్లుల చేత ఒక ప్రయోగం చేయించాడు. పసిబిడ్డతో ఆడుతున్న తల్లి ఉన్నట్టుండి మొహంలో ఏ కదలికా లేకుండా ఉండిపోతుంది. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాస్తుంది, పలకదని తెలిసి ముఖం తిప్పేసుకుంటుంది. రెండు మూడు నిమిషాల తర్వాత తల్లి మళ్లీ పలకరిస్తే మెల్లగా దగ్గరవుతుంది. మామూలు రోజుల్లోనూ తల్లీబిడ్డలకు శ్రుతి తప్పుతూనే ఉంటుందనీ, మళ్లీ కలుపుకోవడమే ముఖ్యమనీ ట్రోనిక్ పరిశోధనలు చెప్పాయి.

‘ఇందాక నేను అరిచాను, తప్పు నాది’ అని అయిదేళ్ల కూతురితో అనే తండ్రులు మన ఇళ్లలో తక్కువ. పిల్లల ముందు చులకనైపోతామని భయం. ఆ భయం అనవసరం. తప్పు ఒప్పుకోవడం పిల్లలు చూసి నేర్చుకునేదే తప్ప చెబితే వచ్చేది కాదు. కానీ అలిసిపోయిన మనిషికి ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది? ఒక్క తల్లి మీదే ఇల్లంతా పడితే ఏ పుస్తకమూ పనికిరాదు. స్నానం, హోంవర్క్, నిద్రపుచ్చడంలో ఏదో ఒకటి తండ్రో, తాతయ్యో పూర్తిగా తమ మీద వేసుకోవాలి. కోపం తరచూ చెయ్యి దాటుతున్నా, కాన్పు తర్వాత దిగులు వదలకపోయినా కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.