ప్రాక్సీ ఓటు - అజెండా ఆమోదం

సభ్యుడు సభకు వచ్చేది చేయెత్తడానికే అయితే ఉత్తరం రాసి పంపినా సరిపోయేది. ఎదుటివారి వాదం విని అభిప్రాయం మార్చుకునే అవకాశం కోసమే సభ. అమెరికన్ సైనిక ఇంజనీరు హెన్రీ రాబర్ట్ 1876లో ప్రచురించిన సభా నియమాల సంప్రదాయం ప్రాక్సీ ఓటును ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. మన 2013 కంపెనీల చట్టం ప్రాక్సీని అనుమతించినా అతనికి మాట్లాడే హక్కు ఇవ్వలేదు. అక్కడ లెక్కకు వచ్చేవి వాటాలు.

అజెండాకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. కార్యవర్గం తెచ్చినది ముసాయిదా మాత్రమే. రాబర్ట్ నియమాల్లో, ఆమోదానికి ముందు దాన్ని సాధారణ మెజారిటీతో సవరించవచ్చు. ఆమోదించాక మార్చాలంటే సాధారణంగా మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. వివాదాంశాన్ని చివరకు నెట్టితే, అది చర్చకు వచ్చేసరికి సగంమంది ఆఖరి బస్సుకు లేచిపోతారు. కనుక అభ్యంతరం ముందే చెప్పాలి. అజెండా చదవకుండా తలూపిన సభ్యుడు, సభలో కూర్చునే తన ఓటును ప్రాక్సీగా ఇచ్చేశాడన్నమాట.