తడిగుడ్డ పెట్టే ముందు

పండుగ వస్తోందంటే మన ఇళ్లలో మొదట సున్నం, ఆ తర్వాత బండలు కడగడం. ఆ రోజుల్లోనే మా దగ్గరకు రెండు రకాల వారు వస్తుంటారు. తడి బండమీద జారిపడి తుంటి ఎముక విరిగిన అవ్వలు ఒక రకం. బాత్‌రూములో యాసిడ్ పోసి రుద్దుతూ ఊపిరాడక దగ్గుతూ వచ్చే తల్లులు రెండో రకం. ఇద్దరూ ఇల్లు శుభ్రంగా ఉండాలని పూనుకున్నవారే. అందుకని ఈసారి మందుల సంగతి పక్కనపెట్టి నేల గురించి రాస్తున్నాము.

ముందుగా మీ నేల ఏ రకమో చూసుకోండి. మదనపల్లె, పుంగనూరు ఇళ్లలో కడప బండలు చాలా కనిపిస్తాయి. క్వారీలు దగ్గర కాబట్టి కుప్పం వైపు గ్రానైట్ కనిపిస్తుంది. పాత ఇళ్లలో ఎర్ర గచ్చు, కొత్త ఇళ్లలో టైల్స్. అన్నిటినీ ఒకే తీరుగా కడగరాదు. కడప బండ సున్నపురాయి జాతికి చెందినది. బజారులో యాసిడ్ అని అమ్మేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. దాన్ని బండమీద పోస్తే బుసబుసమని నురగ వస్తుంది. మురికి పోతోందని మనం సంతోషిస్తాము, కాని పోతున్నది బండే! పైపొర గరుకు తేలి, మరుసటి నెలకు మురికి ఇంకా ఎక్కువ పడుతుంది. మళ్లీ యాసిడ్ పోస్తాము. మొజాయిక్‌కూ, సిమెంటు గచ్చుకూ ఇదే గతి. నిమ్మరసం, వెనిగర్ కూడా ఆమ్లాలే, కడప బండ మెరుపును అవీ తీసేస్తాయి. గ్రానైట్ వీటికి అంత సులభంగా లొంగదు.

మరి ఆ తెల్లటి చారల మాటేమిటి? అవి చాలావరకు బోరు నీళ్లలోని లవణాలు. తడి తనంతట తాను ఆరితే చార మిగులుతుంది. తడిగుడ్డ వెనుకనే పొడిగుడ్డతో తుడిస్తే చార పడదు, కాలూ జారదు.

రోజూ చేసే పనికి పెద్ద సరంజామా అక్కరలేదు. కసువు మెత్తగా ఊడ్చండి. దుమ్ముకు ఆయాసం వచ్చే వారుంటే ముందు తడిగుడ్డతోనే తుడవండి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి గుడ్డ జాడించడానికి, ఒకటి మంచినీళ్లకు. లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి వాకిలి వైపు వెనక్కి రండి. పని అయ్యాక గుడ్డను ఉతికి ఎండలో ఆరవేయండి. మూల ముద్దగా పడి కంపుకొట్టే గుడ్డతో తుడిస్తే ఉన్న క్రిములను ఇల్లంతా పూసినట్టే. మోకాళ్ల నొప్పులవారు గొంతుకూర్చుని తుడవవద్దు, కర్ర మాపు వాడండి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

పేడతో అలికిన ఇళ్ల సంగతి కొందరు అడుగుతుంటారు. పుంగనూరు పొట్టి ఆవుల గడ్డమీద ఉంటూ పేడను తీసిపారేయలేము. అలికితే దుమ్ము అణుగుతుంది, నిజమే. కాని పేడలో ధనుర్వాతం బీజాలు ఉండవచ్చు. పురిటి బిడ్డ బొడ్డుకు గాని, పుండుకు గాని అది తగలకూడదు. పాకే బిడ్డను మట్టినేలమీద వదలకుండా చాప పరవండి. మెక్సికోలో 2000లో కొవహుయిలా రాష్ట్రం మట్టినేలలకు సిమెంటు వేయించే పథకం మొదలుపెట్టింది. తర్వాత పరిశోధకులు లెక్క తీస్తే, ఇల్లంతా సిమెంటు నేల అయినచోట పిల్లల్లో కడుపులో పురుగులు 78 శాతం, విరేచనాలు 49 శాతం తగ్గినట్టు తేలింది. అప్పు చేసి టైల్స్ వేయించక్కరలేదు, గచ్చు చాలు.

అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్లివచ్చే పెద్దలకు ఒక మాట. అక్కడ చాలా ఇళ్లలో చెక్క నేల ఉంటుంది. మనకు అలవాటైనట్టు బకెట్ నీళ్లు గుమ్మరించారో, నీరు సందుల్లో దిగి పలకలు ఉబ్బి అంచులు లేస్తాయి. మెత్తని చీపురుతో ఊడ్చి, చుక్క కారనంత గట్టిగా పిండిన గుడ్డతో చెక్క చార వెంబడే తుడవాలి. ఫినాయిలు, సబ్బుపొడి, వెనిగర్, ఆవిరి యంత్రం వద్దు. పాలో సాంబారో ఒలికితే వెంటనే అద్దేయాలి. కుర్చీ కాళ్ల కింద మందపాటి గుడ్డముక్కలు అంటించాలి. చెప్పులు గుమ్మం బయట విడవమని మనవారికి చెప్పక్కరలేదు. అయితే చలికి మేజోళ్లు వేసుకుని ఆ నేలమీద నడిచే పెద్దలు మాత్రం జారిపడతారు, జాగ్రత్త.

జారిపడటాన్ని తేలికగా తీసుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. తుంటి విరిగిన వృద్ధులకు ఆపరేషను బాగా జరిగినా, మళ్లీ తమంత తాము నడవడానికి నెలలు పడుతుంది. కొందరు మంచానికే పరిమితమవుతారు. కాబట్టి అవ్వాతాతలు పడుకుని ఉన్నప్పుడో, అరుగుమీద కూర్చున్నప్పుడో నేల కడగండి. ఆరేవరకు ఒకరు కాపలా ఉండండి. బాత్‌రూములో రబ్బరు చాప, గోడకు పట్టుకునే కడ్డీ, రాత్రికి ఒక చిన్న బల్బు పెట్టించండి. ఆస్పత్రి ఖర్చుతో పోలిస్తే ఇవి ఎంత?

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. బ్లీచింగ్ పౌడరునూ యాసిడ్‌నూ ఎన్నడూ కలపవద్దు. ఒకటి పోసి, సరిగా కడగకుండా రెండోది పోయడం కూడా కలపడమే. అందులోంచి క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ లేని చిన్న బాత్‌రూములో అది నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. కళ్లు మండి, దగ్గు మొదలైతే పని అక్కడే వదిలి బయటి గాలికి రండి. కళ్లను 15 నిమిషాలకు తగ్గకుండా మంచినీళ్లతో కడగండి. ఆయాసం తగ్గకపోతే 108కి ఫోను చేయండి.

ఫినాయిలు, యాసిడ్ కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఉంచే అలవాటు మన ఇళ్లలో ఇంకా పోలేదు. దాహంతో ఆడుకుని వచ్చిన బిడ్డకు సీసాయే తెలుస్తుంది, లోపలిది తెలియదు. ఒకవేళ తాగితే వాంతి చేయించకండి, వచ్చేటప్పుడు గొంతును అది మళ్లీ కాలుస్తుంది. ఉప్పునీళ్లు, చింతపండు నీళ్లు పట్టకండి. నోరు కడిగించి వెంటనే తీసుకురండి. ఆ సీసా, కొన్నప్పటి డబ్బా ఉంటే అదీ వెంట తెండి. లేబుల్ చూస్తే వైద్యం త్వరగా మొదలవుతుంది.