సీడీ రైటరు: గృహములందు దాని స్థాపనము, వినియోగము



నేటి ప్రసంగమునకు విషయము సీడీ రైటరు అను యంత్రము. ఇది కంప్యూటరునకు అనుబంధమైన పరికరము. పల్లెటూళ్ళ పెద్దలకు దీనితో పనియేమి యని కొందరు సందేహింపవచ్చును. పని కలదు. సూర్యలంక, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో ఏ పాత ఇంటి అటకను వెదకినను క్యాసెట్ల పెట్టె యొకటి దొరకును. అందు సినిమా పాటలే కాక, కీర్తిశేషులైన తాతగారు చదివిన భారత పద్యములు, రామాలయమున జరిగిన హరికథ, మత్స్యకారుల వల లాగు పాటలు, పెండ్లిలో ముత్తైదువలు పాడిన మంగళహారతులు ఉండును. సినిమా పాట పోయినచో అంగడిలో మఱల దొరకును. తాతగారి కంఠము ఏ అంగడిలోను దొరకదు.

బాపట్లలో 1902వ సంవత్సరమున జన్మించిన స్థానం నరసింహారావుగారు 1971వ సంవత్సరమున దివంగతులైరి. అయినను వారి గానము గ్రామఫోను రికార్డులకెక్కి యుండుటచేత నేటికిని వినగలుగుచున్నాము. ఆ కాలమున ఊరూర నాటకములాడిన నటులలో పెక్కుమంది కంఠములు ఏ రికార్డునకును ఎక్కక వారితోనే గతించినవి. క్యాసెట్టు వచ్చిన పిదప సామాన్యునకు ఆ భాగ్యము లభించినది. కాని క్యాసెట్టు చిరంజీవి కాదు. అందలి టేపు మీద అయస్కాంత గుణము గల సన్నని పొడి పూయబడి యుండును. తేమకు దానిపై బూజు పట్టును. ఏండ్లు గడచిన కొలది పొడి రాలును. టేపు సాగును, తెగును. సముద్రతీర గ్రామములలో ఈ హాని మఱింత శీఘ్రముగా కలుగును. కావున టేపులోని ధ్వనిని వేఱొక దానిలోనికి ఎత్తి వ్రాసికొనుట అవసరము. ఆ వ్రాతకు సాధనమే సీడీ రైటరు.

ముందుగా సీడీ స్వరూపమును తెలిసికొందము. ఫిలిప్స్, సోనీ కంపెనీలవారు కలసి నిర్మించిన ఈ బిళ్ళ 1982వ సంవత్సరమున మొదట జపాను దేశమున విక్రయమునకు వచ్చినది. దీని వ్యాసము 12 సెంటీమీటర్లు. గాజువలె తేటయైన పాలీకార్బనేటు అను ప్లాస్టిక్కుతో చేయబడినది. కంపెనీలవారు అచ్చువేసి అమ్ము సీడీలో సూక్ష్మములైన గుంటలు వరుసగా ఉండును. లేజరు అను కాంతికిరణము వానిని తడవుకొనుచు పోయి చదువును. గ్రామఫోను రికార్డు వెలుపలి అంచునుండి లోనికి సాగగా, సీడీ లోపలనుండి వెలుపలికి సాగును. చుట్టలు చుట్టుకొనిన ఆ వ్రాతబాటను సాగదీసి నేలమీద పఱచినచో అయిదు కిలోమీటర్లకు మించును. అనగా సూర్యలంక ఒడ్డునుండి బాపట్లకు పోవు దారిలో సగమును దాటును. చుట్టకును చుట్టకును నడుమ ఎడము మిల్లీమీటరులో వేయవ వంతునకు ఒకటిన్నర రెట్లు, అంతకు కొంచెము ఎక్కువ.

మనము ఇంట వ్రాసికొను సీడీ వేఱు జాతి. దానికి సీడీ–ఆర్ అని పేరు. ఇందు ప్లాస్టిక్కునకు పైన పలుచని రంగుపూత, దానిపైన వెండివంటి లోహపు పూత, అన్నిటికిని మీద లక్కవంటి రక్షణపూత ఉండును. రూళ్ళు గీసిన కాగితమువలె, వ్రాతకు దారి చూపు చాలు ముందుగానే తీసియుండును. లేజరు కిరణము చదువునపుడు మందముగా వెలుగును. వ్రాయునపుడు అనేక రెట్లు తీవ్రమగును. ఆ వేడిమికి రంగుపూతలో చుక్కచుక్కగా మార్పు కలిగి, ఆ చోట్ల కాంతి సరిగా తిరిగి రాదు. దీనినే ఆంగ్లేయులు కాల్చుట యనిరి. మన పూర్వులు తాటాకుపై గంటముతో గీచి, పసరో మసియో రుద్ది అక్షరములను తేటపఱచెడివారు. ఇచట కాంతియే గంటము. తాటాకుపై గీచిన గీత మఱల పూడనట్లే, సీడీ–ఆర్ మీద ఒకసారి పడిన వ్రాత చెఱుగదు. చెఱిపి మఱల వ్రాయదగిన సీడీ–ఆర్‌డబ్ల్యు అను జాతియు కలదు. అది బడిపిల్లల పలకవంటిది. నిత్యపు పనులకు చాలును గాని, దాచదగిన వానికి తగదు.

ఇక యంత్రమును అమర్చు విధము. రైటరు రెండు విధములు: పెట్టెలోపల బిగించునది, వెలుపలనుండి తగిలించునది. వెలుపలిదే సులభము. దాని తీగను కంప్యూటరునకు గల యు.ఎస్.బి. రంధ్రములో దూర్చిన చాలును. కొన్ని రైటర్లకు రెండు కొనలు గల తీగ ఉండును. ఒక రంధ్రమునుండి వచ్చు విద్యుత్తు చాలనిచో రెండవ కొనను కూడ తగిలింపవలెను. ఈ కాలపు లాప్‌టాప్ కంప్యూటర్లలో పెక్కింటికి బిళ్ళ పెట్టు అఱయే లేదు కనుక, వానికి ఇదియే మార్గము.

లోపలి రైటరును బిగించునపుడు మొదట కంప్యూటరును ఆపి, గోడనుండి ప్లగ్గును ఊడదీయవలెను. పెట్టె లోపలి లోహపు చట్రమును చేతితో ఒకమాఱు తాకి, శరీరమందలి నిలువ విద్యుత్తును పోనీయవలెను. ప్రక్క రేకును విప్పి, ముందు వైపున మూసియున్న బిళ్ళను తొలగించి, రైటరును ముందునుండి లోనికి జరిపి, రెండు ప్రక్కల స్క్రూలు బిగింపవలెను. తరువాత రెండు తీగలు తగిలింపవలెను: ఒకటి సమాచారమునకు, ఒకటి విద్యుత్తునకు. పాత యంత్రములలో సమాచారపు తీగ వెడల్పైన పట్టీవలె ఉండును. దాని ఒక అంచున గల ఎఱ్ఱగీత మొదటి సూది వైపునకు రావలెను. ఒకే పట్టీకి రెండు పరికరములు తగిలించినచో, ఒకదానిని మాస్టరుగను రెండవదానిని స్లేవుగను వెనుకనున్న చిన్న బిళ్ళతో నిర్ణయింపవలెను. సాటా అను క్రొత్త పద్ధతిలో తీగ సన్నము. ఈ నిర్ణయముతో పనిలేదు. ఏ తీగనైనను బలవంతముగా దూర్చరాదు; సరియైన వైపు త్రిప్పినచో తానే కుదురును. పెట్టె మూసి కంప్యూటరును నడిపినచో అది క్రొత్త పరికరమును తానే గుర్తించును.

వ్రాతకు పూర్వము ధ్వనిని కంప్యూటరులోనికి తేవలెను. క్యాసెట్టును ముందుగా చూడుడు. బూజు కనిపించినను, టేపు అంటుకొనియున్నను, దానిని యంత్రములో పెట్టక తెలిసినవారికి చూపుడు. బాగుగా ఉన్నచో ఒకమాఱు చివరివఱకు త్రిప్పి, మఱల వెనుకకు త్రిప్పుడు. బిగుసుకొనిన చుట్టలు సడలును. టేపురికార్డరు తలను స్పిరిటుతో తడిపిన దూదితో తుడువుడు. తరువాత టేపురికార్డరునుండి కంప్యూటరు యొక్క లైన్–ఇన్ రంధ్రమునకు తీగ తగిలించి, ఆడాసిటీ అను ఉచిత ప్రోగ్రాముతో ధ్వనిని ఎక్కింపవచ్చును. ధ్వనిమట్టము పైహద్దును తాకకుండ చూచుకొనవలెను. హద్దు మీఱిన ధ్వని బొంగురుపోవును, పిదప బాగుపడదు. గంట టేపునకు గంట కాలము పట్టును. దగ్గఱి దారి లేదు. ఎక్కించిన ధ్వనిని వేవ్ అను రూపమున భద్రపఱచి, అది ఎవరి కంఠమో, ఏ ఊరో, ఏ సంవత్సరమో మీ నోటితోనే మొదట చెప్పి చేర్చుడు. మనుమలకు గొంతు వినబడి పేరు తెలియకపోయినచో సగము ప్రయోజనము నష్టమగును.

ఇప్పుడు సీడీ వ్రాత. ఖాళీ సీడీని పెట్టగానే విండోస్ కంప్యూటరు ఒక ప్రశ్న వేయును: దీనిని పెన్‌డ్రైవువలె వాడెదరా, సీడీ ప్లేయరు కొఱకు వాడెదరా యని. దాచదలచినవారు రెండవదానినే ఎన్నుకొనవలెను. పాటలపెట్టెలో మ్రోగుటకైనచో విండోస్ మీడియా ప్లేయరు అను ప్రోగ్రాములో ఆడియో సీడీ అను విధమును ఎన్నుకొనుడు. ఆడియో సీడీలో 80 నిమిషముల ధ్వని మాత్రమే పట్టును. కుదించిన ఎంపీ3 రూపమున వ్రాసినచో సుమారు 12 గంటల ధ్వని పట్టును గాని, పాత ప్లేయర్లలో కొన్ని దానిని చదువలేవు. కుదింపులో ధ్వని కొంత నష్టమును పొందును. అందుచేత అపురూపమైన కంఠములకు కుదింపు తగదు.

రైటర్లపై 52 మొదలగు అంకెలుండును. ఒకటి యనగా సాధారణముగా పాట మ్రోగు వేగము. 52 అనునది గరిష్ఠవేగము. తొందరలేని పనికి 16 వంటి నడిమి వేగము మేలు. వ్రాత సాగుచుండగా కంప్యూటరుపై వేఱు పనులు పెట్టరాదు, బల్లను కదపరాదు. మన ఊళ్ళలో కరెంటు నడుమ పోవుట కలదు. పోయినచో ఆ సీడీ చెడును. కావున యు.పి.యస్. ఉన్నపుడే, లేదా బ్యాటరీ నిండిన లాప్‌టాప్ మీదనే ఈ పని చేయుడు.

వ్రాత ముగిసిన పిదప ముగింపు అను ఘట్టము కలదు. మన కావ్యములలో ఆశ్వాసాంతమున గద్య వ్రాసినగాని ఆశ్వాసము పూర్తి కానట్లే, సీడీలోను విషయసూచికను వ్రాసి మూసినగాని ఇతర యంత్రములు దానిని చదువజాలవు. మా ప్రాంతపు పెద్ద యొకరు తమ తల్లిగారి కోలాటపు పాటలను ఒక కొట్టులో సీడీగా చేయించిరి. కొట్టులోని కంప్యూటరుపై పలికినది, ఇంటి ప్లేయరులో పలుకలేదు. ముగింపు వ్రాయకుండుటయే కారణము. మూల క్యాసెట్టు వారియొద్దనే ఉండుటచేత నష్టము తప్పినది. సీడీ చేసిన వెంటనే వేఱొక యంత్రములో మొదటినుండి తుదివఱకు విని చూడుడు. మూలమును మాత్రము పాఱవేయకుడు.

చిన్న గీతలు పడినను సీడీ పలుకుట చూచి కొందరు ఆశ్చర్యపడుదురు. మన పండితులకు ఇది క్రొత్త కాదు. వేదమందు ఒక్క వర్ణమును తప్పిపోకుండుటకై సంహితతోపాటు పదము, క్రమము, జట, ఘనము అను పాఠములను ఏర్పఱచిరి. ఒకచోట జాఱినది మఱియొకచోట పట్టుబడును. సీడీలోను సమాచారమును ఒకేచోట కుప్పగా నుంచక చెదరగొట్టి, సరిచూచుకొనుటకు అదనపు అంకెలను చేర్చి వ్రాయుదురు. కొంత చెఱిగినను మిగిలినదానినిబట్టి యంత్రము పూరించుకొనును. కాని చుట్టూ సాగిన గీత ఒకే వరుసను పొడవుగా తినివేయును గనుక ప్రమాదము. అందుచే సీడీని తుడుచునపుడు గుండ్రముగా త్రిప్పక, నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలెను.

సీడీకి పైవైపే మర్మస్థానము. లోహపు పూత అచటనే పలుచని రక్షణక్రింద ఉన్నది. బాల్‌పెన్నుతో వ్రాయరాదు, కాగితపు చీటీ అంటింపరాదు. సీడీలకై చేసిన మెత్తని కలముతో నడిమి తేట వలయమున వ్రాయుట మేలు. సూర్యరశ్మి రంగుపూతను హరించును; ఉప్పుతేమ లోహమును తినును. బిళ్ళను దాని పెట్టెలో నిలువుగా, చీకటియు చల్లదనమును గల బీరువాలో ఉంచుడు.

ఇంత చేసినను సీడీ శాశ్వతమని నేను చెప్పను. మంచి బిళ్ళ పెక్కేండ్లు నిలుచును. నాసిరకము కొలది ఏండ్లకే చెడవచ్చును. చదువు యంత్రములును నానాటికి అరుదగుచున్నవి. కాని పెన్‌డ్రైవు చేజాఱి చెఱిగిపోవును, కంప్యూటరు డిస్కు ఒక్కమాఱుగా చచ్చును. సీడీ–ఆర్ మీది వ్రాతను పిల్లవాని వ్రేలును చెఱుపదు, వైరసును చెఱుపదు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క దోషమున్నది కనుక, ఒక ప్రతి సీడీలో, ఒకటి కంప్యూటరులో, ఒకటి వేఱు ఊరిలో ఉంచుడు. రెండు మూడేండ్లకొకమాఱు విని చూచి, అనుమానము కలిగినచో క్రొత్త ప్రతి తీయుడు. తాళపత్రము శిథిలము కాకమునుపే ప్రతి వ్రాసిన లేఖకుల శ్రమచేతనే మన కావ్యములు మనవఱకు వచ్చినవి.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమను, రేపల్లె, బాపట్ల తీరములను ముంచిన ఉప్పెనలో వేలమంది ప్రాణములు పోయినవి. ఇండ్లతోపాటు కాగితములును, పటములును, పుస్తకములును కొట్టుకొనిపోయినవి. సముద్రము మనకు పొరుగున ఉన్నంతకాలము, ఒక్క ఇంటిలోనే ఉన్న ప్రతి లేనిదానితో సమానము. హైదరాబాదులోనున్న కుమారుని యింట గాని, పై దేశమందున్న కుమార్తె యింట గాని ఒక ప్రతి ఉండనిండు.

ఒక హెచ్చరిక. ఇతరులు అచ్చువేసి అమ్ము సీడీలను ప్రతులు తీసి విక్రయించుట 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టమునకు విరుద్ధము. మన ఇంటి కంఠములను, మన ఊరి పాటలను, పాడినవారి యనుమతితో దాచుకొనుటకు ఆటంకము లేదు.

గ్రామ పెద్దలారా! యంత్రమును నడుపుటకు మీ మనుమలు చాలుదురు. ఏ క్యాసెట్టులో ఎవరి గొంతు ఉన్నదో గుర్తుపట్టగలవారు మీరే. ఆ జ్ఞానము ఏ యంత్రమునందును లేదు. వచ్చు ఆదివారము పెట్టెను అటకమీదినుండి దింపించి, ఒక్కొక్క క్యాసెట్టుపై పేరు వ్రాయుడు. తక్కిన పని పిల్లలు చేయుదురు.