డ్రైవరు లేని కారులో కడుపు తిప్పితే?

ఘాట్ రోడ్డు మీద బస్సులో సగంమంది వాంతులు చేసుకుంటున్నా, డ్రైవరు మాత్రం కులాసాగా స్టీరింగు తిప్పుతుంటాడు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? మలుపు ఎప్పుడొస్తుందో, బ్రేకు ఎప్పుడు పడుతుందో అతనికి ముందే తెలుసు. శరీరం అందుకు సిద్ధమై ఉంటుంది.

ఇప్పుడు ఆ డ్రైవరే లేని కార్లు వచ్చాయి. అమెరికాలోని ఫీనిక్స్‌లో 2020 నుంచీ, ఆ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ వేమో టాక్సీలు డ్రైవరు లేకుండానే జనాన్ని ఎక్కించుకుంటున్నాయి. పిల్లల్ని చూడటానికి వెళ్లే మన పెద్దవాళ్లకూ వీటిలో ఎక్కే అవకాశం వస్తుంది. ఈ కారులో అందరూ ప్రయాణికులే. పైగా చేతిలో ఫోను! ఇలాంటి వాహనాల్లో వెళ్లే అమెరికన్ పెద్దల్లో నూటికి 6 నుంచి 10 మందికి తరచుగా ఎంతోకొంత ఈ బాధ ఉండవచ్చని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లోనే అంచనా వేశారు.

దీన్ని మోషన్ సిక్‌నెస్ అంటారు. లోపలి చెవి శరీరం కదలికల్ని మెదడుకు చెబుతుంది. మీ కళ్లు ఫోనుకు అతుక్కుపోతే, చెవి ‘కదులుతున్నాం’ అంటుంది, కళ్లు ‘లేదు’ అంటాయి. ఈ తగవు తీర్చలేక మెదడు తికమకపడుతుంది. ఆవలింతలు, చల్లని చెమట, నోట్లో నీళ్లూరడం, ఆ తర్వాత వాంతి. ఇది పిరికితనమూ కాదు, అజీర్తీ కాదు.

మీరేం చేయాలి? వీలైతే ముందు సీటులో కూర్చోండి. తల సీటుకు ఆనించి దూరంగా రోడ్డు వైపు చూడండి. ఫోను పక్కన పెట్టండి. ఖాళీ కడుపుతోనూ, పీకలదాకా తినీ బయలుదేరకండి. వికారం మొదలైతే కళ్లు మూసుకోండి. కారు ఆపించే మీట ఎక్కడుందో ఎక్కగానే చూసుకోండి. వాంతి అయ్యేదాకా ఓర్చుకోవద్దు.

అవోమిన్ వంటి మాత్రలు వాంతి మొదలయ్యాక వేసుకుంటే లాభం తక్కువ. గంట, రెండు గంటల ముందే వేసుకోవాలి. వీటివల్ల మగత వస్తుంది. చిన్నపిల్లలు, గర్భిణులు, గ్లాకోమా గానీ ప్రోస్టేటు బాధ గానీ ఉన్నవారు డాక్టరును అడక్కుండా వాడకూడదు.

ఒక్క హెచ్చరిక. వాంతితోపాటు గుండెనొప్పి, మాట తడబాటు, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పడం కనిపిస్తే అది ప్రయాణపు బాధ కాదు. మీ ముఖం చూసి కంగారుపడి ఆసుపత్రికి తిప్పే డ్రైవరు ఆ కారులో లేడు. అమెరికాలో వెంటనే 911కు ఫోను చేయాలి. పెద్దవాళ్లకు ఆ నెంబరు ముందే నేర్పండి. మొదటి ఒకటి రెండుసార్లయినా వాళ్లను ఒంటరిగా ఎక్కించకండి.