చిగుళ్ల జబ్బుకు సీసా మందు ఒక్కటే చాలదు!

బేసింగ్‌స్టోక్: పొద్దున్నే బ్రష్ చేసి ఉమ్మితే సింకులో ఎర్రటి చార. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోం. షిఫ్టుకు టైమైపోతుంటుంది మరి! నోటి వాసన మనకే తెలిసొచ్చాక ఫెస్టివల్ ప్లేస్‌కు వెళ్లినప్పుడు ఓ మౌత్‌వాష్ సీసా కొంటాం. కొన్నాళ్లకు రక్తం తగ్గుతుంది. ‘హమ్మయ్య, డెంటిస్టు ఖర్చు తప్పింది’ అనుకుంటాం. మాతో ఉండే కుర్రాడొకడు ఇలాగే సీసా మీద సీసా ఏడాదిపాటు లాగించాడు. కింది పన్ను కదిలితే గానీ డాక్టరు గడప తొక్కలేదు.

సీసా చేసేదెంత?

ఈ మందు పేరు క్లోర్‌హెక్సిడిన్. ఇక్కడ కోర్సోడిల్ పేరుతో చీటీ లేకుండానే అమ్ముతారు. పాచిలోని క్రిములను అణచి, కొన్ని గంటలపాటు నోట్లోనే అంటుకుని పనిచేస్తుంది. 0.2 శాతం మందును రోజుకు రెండుసార్లు పుక్కిలిస్తే, బ్రష్ చేయకపోయినా పాచి పట్టలేదని డెన్మార్క్ పరిశోధకులు 1970లోనే చూపించారు.

మరి పన్నెందుకు కదిలింది? జబ్బు ముదిరితే పన్నుకీ చిగురుకీ మధ్య సందు లోతవుతుంది. అందులో పాచి గట్టిపడి గార కడుతుంది. పుక్కిలించిన మందు అంత లోతుకు దిగదు, గారను కరిగించదు. పైన వాపు తగ్గినా లోపల ఎముక అరుగుతూనే ఉంటుంది. వేరుకు చీడ పడితే ఆకులు కడిగినట్టన్నమాట. 51 అధ్యయనాలను పరిశీలించిన 2017 నాటి కాక్రేన్ సమీక్ష కూడా, పాచి బాగా తగ్గుతుందని, వాపు స్వల్పంగా ఉన్నవారికి కొంత మేలని చెప్పింది. ముదిరినవారికి మేలు చేస్తుందనడానికి ఆధారాలు చాలవంది.

ముందు డెంటిస్టు గార గీయాలి. రోజూ బ్రష్, పళ్ల సందులకు చిన్న బ్రష్ తప్పవు. శుభ్రం చేశాక చిగుళ్లు పచ్చిగా ఉన్న రోజుల్లో మౌత్‌వాష్ తోడుగా పనికొస్తుంది.

వాడేటప్పుడు జాగ్రత్త

0.2 శాతం మందైతే 10 మిల్లీలీటర్లు, ఒక నిమిషం, రోజుకు రెండుసార్లు. మింగకూడదు. పేస్టు నురగ మందు బలాన్ని తగ్గిస్తుంది కాబట్టి బ్రష్ చేశాక నోరు నీళ్లతో బాగా కడుక్కోవాలి, లేదా వేరే వేళకు మార్చుకోవాలి. ఎక్కువ రోజులు వాడితే పళ్లకు గోధుమ రంగు మరకలు పడతాయి. టీ, కాఫీ ప్రియులకు మరీనూ. నాలుక రుచి కూడా మారుతుంది. దద్దుర్లు లేచినా, మొహం వాచినా, ఊపిరాడకపోయినా మందు ఆపేసి వెంటనే 999కు ఫోన్ చేయాలి.

ఖర్చు మాటేమిటి?

వీసాకు హెల్త్ సర్‌ఛార్జీ కట్టాం కదా, పళ్లకు ఫ్రీ కాదా అని చాలామంది అడుగుతారు. కాదు. ఎన్‌హెచ్‌ఎస్ డెంటిస్టు దగ్గర పెద్దవాళ్లకు వేరే ఫీజుంటుంది. 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం పరీక్షకు 27.40 పౌండ్లు, చిగుళ్ల లోపల శుభ్రం చేయాల్సి వస్తే మొత్తం 75.30 పౌండ్లు. రేట్లు మారుతుంటాయి కాబట్టి ముందే అడగాలి. గర్భిణులకు, కాన్పయిన 12 నెలల వరకు ఉచితం. మన ఆడపడుచులు ఆ అవకాశం వదులుకోవద్దు. కొత్తవాళ్లను చేర్చుకునే డెంటిస్టు దొరకడం కష్టమే. నాలుగుచోట్ల అడగాలి.

‘సెలవుకు ఇంటికెళ్లినప్పుడు చూపించుకుందాంలే’ అని వాయిదా వేసేవాళ్లం మనలో ఎందరో! ఈ జబ్బు ఒక్కసారి శుభ్రం చేయిస్తే పోయేది కాదు. కొన్ని నెలలకోసారి చూపించుకుంటూనే ఉండాలి. షుగరున్నా, సిగరెట్ అలవాటున్నా మరింత జాగ్రత్త. పొగ తాగేవారికి రక్తం తక్కువగా కారి జబ్బు బయటపడదు కూడా.

మా కుర్రాడి పన్ను నిలబడింది. సీసా ఇంకా బాత్రూములోనే ఉంది, కాకపోతే ఇప్పుడు బ్రష్ వెనకాల!