రాష్ట్రం దాటినా వారంటు వదలదు

పెద్దముడియం: పొట్ట చేతబట్టుకొని బళ్లారికో, బెంగుళూరుకో వలస వెళ్లినవారు కొందరు ఇక్కడి కేసు వాయిదా మరచిపోతుంటారు. కర్ణాటకలో వుంటే మన పోలీసులు పట్టుకోలేరనుకోవడం అపోహ. 1962 నాటి నేరస్థుల అప్పగింత చట్టం విదేశాల వ్యవహారం. జమ్మలమడుగు కోర్టు వారంటు దేశమంతటా చెల్లుతుంది. అమలయ్యే దాకా, లేదా కోర్టే రద్దు చేసే దాకా దానికి కాలదోషం పట్టదు.

పట్టుబడినవారికీ రక్షణ లేకపోలేదు. 2024 జూలై 1 నుంచి అమలులో వున్న నాగరిక సురక్షా సంహిత ప్రకారం వారంటు సంగతి చెప్పాలి, అడిగితే చూపాలి. బళ్లారిలో పట్టుకుంటే 24 గంటల్లో అక్కడి మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. బెయిలబుల్ నేరమైతే జామీను అక్కడే ఇవ్వవచ్చు.

పోలీసులు వచ్చేదాకా ఆగక, వకీలు ద్వారా కోర్టుకు వెళ్లి వారంటు రద్దుకు అర్జీ పెట్టుకోవడమే మేలు.